రంగం వెళ్ళిన మనవాళ్ళు

ఇలా దగ్గరికి జరగండిరా. ఆ కొబ్బరి మట్ట విరిచి మంటలో వెయ్యండి, ఆరిపోనివ్వకండి. ధనుర్మాసం చలి ఈ వయసులో కీళ్ళు పట్టేస్తుంది. మీ పెద్దోడు కువైట్ వెళ్తానంటున్నాడంట కదా. తునిలో ఏజెంటంట, రెండేళ్ళ అగ్రిమెంటంట. మంచిదే, వెళ్ళనీ. మన నక్కపల్లి వైపు నుంచి పని కోసం సముద్రం దాటడం వాడితో మొదలవలేదు. మా తాత రంగం వెళ్ళాడు. మా మేనమామ కూడా రంగమే వెళ్ళాడు. ఒకాయన తిరిగి రాలేదు, ఒకాయన నడిచి వచ్చాడు. ఆ ముచ్చట మీకెవరూ చెప్పినట్టు లేదు.

రంగం అంటే బర్మాలో రంగూన్ పట్నం. మా చిన్నప్పుడు ఏ వీధిలో అడిగినా ఒక రంగం మనిషి ఉండేవాడు. "వాడా? రంగం పోయాడు" అంటే చాలు, ఎందుకని ఇంకెవరూ అడిగేవాళ్ళు కాదు. అప్పు నెత్తిమీదకొచ్చినవాడు, వాన లేక చేను ఎండినవాడు, అన్నదమ్ముల పంపకాల్లో ఏమీ దక్కనివాడు, అందరిదీ అదే దారి. విశాఖపట్నం, భీమిలి, కాకినాడ, కళింగపట్నం రేవుల దగ్గర బి.ఐ. కంపెనీ స్టీమరు ఆగేది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అన్నమాట. మనవాళ్ళకి టిక్కెట్టు డెక్కు మీదే. ఒక చాప, ఒక చద్దిమూట, ఒక ఊరగాయ జాడీ. అంతే సామాను.

అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఒకప్పుడు పెద్ద రేవు, అక్కణ్ణుంచి ఓడలెక్కి వెళ్ళారు గనక ఆ పేరు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో ఇండియా వాళ్ళు పది లక్షలు దాటారు. రంగూన్ పట్నంలో అయితే సగానికి పైగా మనదేశం వాళ్ళే. నాలుగు లక్షల ఊళ్ళో రెండు లక్షల పైచిలుకు. రేవులో బస్తాలు మోసేది, బియ్యం మిల్లుల్లో పని చేసేది, రిక్షా లాగేది, పాయఖానాలు ఎత్తేది ఎక్కువగా మన తెలుగు కూలీలే. బర్మా బియ్యం ప్రపంచం తిన్నదంటే, ఆ బస్తా ఓడెక్కింది మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మనిషి వీపు మీద.

కోతలైపోయాక మేస్త్రీ ఊళ్ళోకి దిగేవాడంట. మా నాయనమ్మ చెప్పేది. తెల్ల పంచె, చేతికి గడియారం, జేబులో నోట్లు. ఓడ ఖర్చు ఇచ్చేవాడు, ఇంట్లో అప్పు తీర్చడానికి అడ్వాన్సు ఇచ్చేవాడు, వేలిముద్ర వేయించుకునేవాడు. అక్కడికెళ్ళాక కూలిలోంచి ఆ అడ్వాన్సు కోసుకునేవాడు. కంపెనీ దగ్గర కంట్రాక్టరు, కంట్రాక్టరు కింద పెద్ద మేస్త్రీ, అతని కింద ముఠా మేస్త్రీ, అందరికీ వాటా పోగా మిగిలినదే కూలి. పడుకునే గదికి అద్దె కోత, తిండికి కోత. పది మంది ఉండాల్సిన గదిలో ఎంతమందిని కుక్కేవాళ్ళంటే, పగలు పని చేసేవాడు లేచి వెళ్తే ఆ చాప మీద రాత్రి పని చేసొచ్చినవాడు పడుకునేవాడంట.

దీన్ని అడిగే నాథుడు లేడా అంటారేమో. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. 1922లో ఇండియా సర్కారు వలసల చట్టం చేసింది. సిలోనుకీ మలయాకీ వెళ్ళే కూలీల బాగోగులు చూడ్డానికి అక్కడ ఏజెంట్లని పెట్టింది. బర్మాకి మాత్రం ఆ చట్టం వర్తించలేదు. ఎందుకంటే 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. సొంత దేశంలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్ళినవాడు వలసదారు ఎలా అవుతాడు? కాగితం మీద సబబే. సముద్రం దాటి, భాష తెలియని ఊళ్ళో, మేస్త్రీ దయ మీద బతికే మనిషి ఆ కాగితం మీదే లేకుండా పోయాడు. నాకు ఇప్పటికీ మనసు మండేది ఇక్కడే.

1930 మేలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలని దించాయి. నెలాఖరులో రాజీ కుదిరి మనవాళ్ళని మళ్ళీ పన్లోకి పిలిచి, బర్మా వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వంద మందికి పైగా చచ్చిపోయారు, వందల మందికి దెబ్బలు. ఎక్కువగా పోయింది మనవాళ్ళే. వేలమంది తెలుగు కూలీల్ని తీసుకెళ్ళి పాత పిచ్చాసుపత్రి ఆవరణలో దాచాల్సొచ్చింది. లక్షల బస్తాలు మోసిన చేతులకి ఆ రోజు తలదాచుకునే చోటు దొరకలేదు. ఊళ్ళో ఎక్కడికి పరిగెత్తాలో తెలియలేదు.

మా తాత ఆ గొడవల్లో పోయాడో, తర్వాత జబ్బు చేసి పోయాడో మాకు తెలియదు. ఆయన పంపిన మనియార్డరు రసీదులు మా నాయనమ్మ తమలపాకుల పెట్టెలో దాచుకుంది. గులాబీ రంగు చిన్న కాగితాలు, అంచులు చిరిగి, మధ్య మడత దగ్గర తెల్లబడిపోయి ఉండేవి. కింద రెండే ముక్కలు, ఎవరిచేతో రాయించినవి: "క్షేమం. క్షేమం తెలుపగలరు." ఆమెకి చదవడం రాదు. పండగ రోజు పెట్టె తీసి నన్ను చదవమనేది. ఆ రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ చదివేవాణ్ణి. 1930 ఎండాకాలం తర్వాతది ఒక్క రసీదు కూడా లేదు. ఆమె చచ్చిపోయేదాకా బొట్టు తీయలేదు, ఎవరూ తీయమనలేదు కూడా.

మరి అక్కడ ఆదుకునేవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. ఉన్నది లేదనకూడదు. రామకృష్ణ మిషన్ వాళ్ళు 1921లో రంగూన్‌లో సేవాశ్రమం ఆసుపత్రి పెట్టారు. డబ్బు లేని కూలీకి మందు, మంచం, గంజి దొరికిన చోటు అది. రేవులో కాలు విరిగినా, కలరా పట్టినా మనవాళ్ళని మోసుకెళ్ళింది అక్కడికే అని మా మేనమామ చెప్పేవాడు. ఆ స్వాముల పేరెత్తితే చేతులు జోడించేవాడు. భజన మందిరాలుండేవి, అమ్మవారి జాతరలుండేవి, కులానికొక చందా పుస్తకం ఉండేది. పండక్కి చందా వసూలయ్యేది. ఆపద వచ్చిన రోజున ఎవడెక్కడున్నాడో చూసే పుస్తకం మాత్రం లేదు.

ఇప్పుడొక సంగతి చెప్తాను, దీనికీ మనకీ ఏటి సంబంధం తాతా అని మధ్యలో లేవకండి. అదే రంగూన్‌లో, 26వ వీధిలో, యూదుల గుడి ఉంది. మస్మియా యెషువా అని పేరు. 1890లలో కట్టిన రాతి కట్టడం, ఇప్పటికీ ఉంది. యుద్ధానికి ముందు ఆ ఊళ్ళో యూదులు రెండున్నర వేల మంది దాకా ఉండేవారు. బాగ్దాద్ నుంచి వచ్చిన వర్తకుల కుటుంబాలు. యూదులంటే బైబిలు పాత నిబంధన జనం. మన రాష్ట్రంలోనూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని తెలుగు కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుని, శనివారం విశ్రాంతి పాటించి, ప్రార్థన మందిరం కట్టుకున్నాయి.

నేను బొంబాయి రైల్వేలో పని చేసినప్పుడు నా పక్క బల్ల దగ్గర ఒక బెనె ఇజ్రాయెల్ ఆయన ఉండేవాడు. కొంకణం వైపు తరతరాలుగా గానుగాడించిన యూదులు వాళ్ళు. శనివారం గానుగ ఆపేస్తారని ఊళ్ళో వాళ్ళని శనివారం తెలికలవాళ్ళని పిలిచేవారంట. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని కూర్చున్నప్పుడు నేను రంగం సంగతి చెప్పాను, ఆయన వాళ్ళ రిలీఫ్ అసోసియేషన్ సంగతి చెప్పాడు. ఆ మాటలు విన్నాక పుస్తకాలు వెతికి చదివాను.

1933లో జర్మనీలో హిట్లర్ వచ్చాడు. ఆ మరుసటి ఏడే, 1934లో, బొంబాయిలో జ్యూయిష్ రిలీఫ్ అసోసియేషన్ పుట్టింది. అక్కణ్ణుంచి తప్పించుకుని వచ్చే యూదుల్ని చూసుకోవడానికి. కలకత్తాలో, మద్రాసులో కూడా శాఖలు పెట్టారు. ఇంగ్లీషు సర్కారు తలుపు తెరవడానికి ఇష్టపడలేదు. వచ్చినవాళ్ళు ఇక్కడ తిండికి లేక సర్కారు మీద పడతారని భయం. 1938 ఆఖర్లో లండన్‌లో ఉన్న యూదుల సంస్థ, కౌన్సిల్ ఫర్ జర్మన్ జ్యూరీ, పూచీ పడింది: ఈ మనుషులు మీకు భారం కారు, అయితే మేం భరిస్తాం అని. ఇక్కడ చెయ్యాల్సింది రిలీఫ్ అసోసియేషన్ చేసింది. వచ్చే మనిషెవడు, పనేం తెలుసు, ఎక్కడ ఉద్యోగం దొరుకుతుంది, విచారించి సర్కారుకి రాసేది. వచ్చినవాడికి తలదాచుకునే చోటు, ఇంగ్లీషు పాఠాలు, చిన్న వ్యాపారానికి అప్పు.

1939లో యుద్ధం మొదలవగానే, జర్మన్ పాస్‌పోర్టు ఉందని ఆ కాందిశీకుల్నే శత్రుదేశస్థులని చెప్పి క్యాంపుల్లో పెట్టేశారు. హిట్లర్ తరిమినవాళ్ళని హిట్లర్ మనుషులని అనుమానించారు! అప్పుడూ ఆ సంఘమే అధికారుల చుట్టూ తిరిగి, ఒక్కొక్కరి కేసూ చెప్పుకుని చాలామందిని బయటికి తీసుకొచ్చింది. అలా ఇండియాకి వచ్చిన యూదుల్లో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు. తెల్లారి రేడియో పెడితే ఆకాశవాణి వాద్యం మోగుతుంది చూడండి, దాన్ని కట్టిన వాల్టర్ కౌఫ్‌మన్ కూడా 1934లో ప్రాగ్ నుంచి బొంబాయి చేరిన యూదుడే. మా ఇంట్లో ఎన్నేళ్ళో పొద్దు పొడిచింది ఆ వాద్యంతోనే.

ఇది వాళ్ళకి ఒక్కరోజులో అబ్బిన పద్ధతి కాదు. ఎన్నో దేశాల నుంచి తరిమించుకున్న జాతి. న్యూయార్కులో ఓడ దిగేవాళ్ళ కోసం 1881లోనే సహాయ సంఘం పెట్టుకున్నారు. 1914లో పెట్టిన జాయింట్ అనే సంస్థ ఇప్పటికీ బొంబాయిలో ముసలివాళ్ళని చూసుకుంటోంది. వాళ్ళకి డబ్బుంది, సాసూన్ల లాంటి కోటీశ్వరులున్నారు, నిజమే. మన కూలీల దగ్గర కోసుకున్న డబ్బు తక్కువేమీ కాదు. మేస్త్రీల వాటాలన్నీ పోగేస్తే రంగూన్‌లో పది సత్రాలు లేచేవి. వాళ్ళ చందా సంఘానికి చేరింది, మన కోత మేస్త్రీ జేబుకి చేరింది.

తేడా ఎక్కడ తెలిసిందంటే 1942లో.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. పట్టపగలు, వీధుల్లో జనం ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారంట. రెండు రోజుల్లో మళ్ళీ వచ్చాయి. మార్చి 8న రంగూన్ జపాను చేతిలో పడింది. డబ్బున్నవాళ్ళు ముందే ఓడలెక్కారు, విమానాలెక్కారు. రేవులో పని ఆగిపోతుందని ఒళ్ళు గట్టిగా ఉన్న మన మగవాళ్ళకి డెక్కు టిక్కెట్లు అమ్మడం ఆపేశారు. ఇక మిగిలింది నడక. కొందరు ప్రోం మీదుగా అరకాన్ కొండలు దాటి తౌంగుప్ కనుమలోంచి సముద్రం ఒడ్డుకి, అక్కణ్ణుంచి పడవ మీద చిట్టగాంగ్ వైపు. కొందరు మణిపూర్ కొండల మీదుగా దిమాపూర్‌కి. ఇంకొందరు హుకాంగ్ లోయ అడవుల్లోంచి అస్సాంకి. నాలుగైదు లక్షల మంది కదిలారు.

మా మేనమామ తౌంగుప్ దారిన వచ్చాడు. ఆయన చేతిలో ఒక ఇత్తడి చెంబు. దారిపొడవునా వాగుల్లో శవాలు, ఆ నీళ్ళే తాగి జనం కలరాతో కూలిపోవడం. ఎంత దాహమేసినా కాచిన నీళ్ళే తాగాలని ఒక ముసలాయన చెప్పాడంట. చెంబులో నీళ్ళు కాచుకోవడానికి పుల్లలు ఏరుకుంటూ వెనకబడిపోయేవాడు, తనతో బయల్దేరినవాళ్ళు ముందుకెళ్ళిపోయేవాళ్ళు. రెండు మజిలీల తర్వాత వాళ్ళలో కొందరు దారి పక్కన పడి కనిపించేవాళ్ళు. వాళ్ళ పేర్లు, ఊళ్ళు ఆయన చాలా ఏళ్ళు అప్పజెప్పేవాడు. యలమంచిలి ఫలానా, పాయకరావుపేట ఫలానా అని. నేను రాసుకుని ఉండాల్సింది అని ఇప్పుడు అనుకుని లాభం లేదు, అప్పుడు నేను చిన్న గుంటణ్ణి.

కలకత్తా నుంచి వాల్తేరు దాకా బి.ఎన్.ఆర్. రైలు, అక్కణ్ణుంచి ఎం.ఎస్.ఎం. బండి. ఆయన నర్సీపట్నం రోడ్ స్టేషన్లో దిగేసరికి 1942 ఏప్రిల్. ఆ నెల 6నే జపాను వాళ్ళు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశారు. పట్నం జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకి పారిపోయి వస్తున్నారు. బర్మా నుంచి పారిపోయొచ్చిన మనిషికి ఇంటి దగ్గర కూడా అదే కనిపించింది. మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఎవరు బాబూ మీరు అని అడిగిందంట, సొంత కొడుకుని.

రంగూన్ యూదులు కూడా అదే సమయంలో ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయారు. చాలామంది కలకత్తా చేరారు. అక్కడ వాళ్ళకి ప్రార్థన మందిరాలున్నాయి, బడి ఉంది, ఎజ్రా పేరుతో ఆసుపత్రి ఉంది, పలకరించే పెద్దలున్నారు. మనవాళ్ళకి దారిలో గంజి పోసింది అస్సాం టీ తోటల యజమానుల సంఘం, కలకత్తా మార్వాడీ రిలీఫ్ సొసైటీ, రామకృష్ణ మిషన్, కాంగ్రెసు వాలంటీర్లు. వాళ్ళ రుణం తీర్చలేం. మన తెలుగువాళ్ళ పేరుతో మనవాళ్ళ కోసం ఎదురుచూసిన బల్ల మాత్రం ఆయనకి దారిలో ఎక్కడా కనపడలేదంట. ఆ నడకలో పోయినవాళ్ళు పదివేలని కొందరు రాశారు, యాభై వేలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు. అంత తేడా ఎందుకొచ్చిందో తెలుసా? పేర్లు రాసుకున్నవాడు లేడు గనక.

యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు, ఉండిపోయినవాళ్ళు ఉండిపోయారు. 1962 మార్చి 2న అక్కడ జనరల్ నె విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. దుకాణాలు, మిల్లులు సర్కారు పరం చేశాడు. రామకృష్ణ మిషన్ ఆసుపత్రి కూడా ఆ రోజుల్లోనే పోయింది. 1964 మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. ఒక్క పూటలో పెట్టెలో డబ్బు చిత్తు కాగితమైపోయింది. ఆ తర్వాత మూడు లక్షల దాకా మనదేశం వాళ్ళు ఓడల్లో తిరిగొచ్చేశారు. మద్రాసు రేవుకి, విశాఖపట్నం రేవుకి.

అప్పుడు నేను వైజాగులో చదువుకుంటున్నాను. రేవు దగ్గరికి వెళ్ళి చూశాను. ఆడవాళ్ళ చెంపల మీద తనకా పూత, చందనం లాంటిది, బర్మా వాళ్ళు రాసుకుంటారు. చెవులూ మెడలూ బోసి. నగలు తేనివ్వలేదు. పిల్లలు తల్లితో తెలుగులో, తమలో తాము బర్మా భాషలో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళలో చాలామంది ఈ నేల మీద కాలు పెట్టడం అదే మొదలు. మీదే ఊరమ్మా అని అడిగితే ఒకావిడ తన తాత ఊరి పేరు చెప్పింది, అది ఏ జిల్లాలో ఉందో ఆమెకి తెలియదు. కంచరపాలెం దగ్గర వాళ్ళకి చోటిచ్చారు, ఇవాళ్టికీ ఆ పేట పేరు బర్మా క్యాంపే.

ఈసారి సర్కారు కొంత నయం. అప్పులిచ్చింది, స్థలాలిచ్చింది. బర్మా, సిలోను నుంచి తిరిగొచ్చినవాళ్ళ కోసమే 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళ చెమటకి తగ్గ సాయమని అనను, అడిగే ఒక గుమ్మం అయితే దొరికింది. మా తాతకి అది కూడా దొరకలేదు.

అందుకే మీ పెద్దోడికి చెప్తున్నది. ఏజెంటు సర్కారు వారి ఈ-మైగ్రేట్‌లో నమోదైనవాడో కాదో ముందు చూడండి, నంబరు అడగండి, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. వెళ్ళేముందు ప్రవాసీ భారతీయ బీమా యోజన కట్టించండి. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. ప్రమాదంలో పోతే ఇంటికి పది లక్షలు వస్తుంది. అక్కడి మన ఎంబసీల దగ్గర 2009 నుంచీ సంక్షేమ నిధి ఉంది, చిక్కుకున్నవాణ్ణి ఇంటికి పంపడానికీ, పోయినవాడి శవాన్ని తేవడానికీ వాడతారు. మన రాష్ట్రానికి ప్రవాసుల కోసం ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది, ఫోనెత్తుతారు. ఇవన్నీ తాతల నాడు లేనివి. ఉన్నప్పుడు వాడుకోకపోతే ఎలా?

ఇంకో పని, ఇది నాకోసం. మన పంచాయతీ పరిధిలో గల్ఫులో ఉన్నవాళ్ళు, ఓడల్లో పనిచేస్తున్నవాళ్ళు, కేరళ, బొంబాయి రేవుల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది? ఎవరి దగ్గరా పేర్లు లేవు. ఒక నోటు పుస్తకం కొనండి. ఇంటింటికీ వెళ్ళి మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు, పని చేసే చోటు, ఇక్కడ ఎవరికి కబురు చెయ్యాలో రాయండి. రాజయ్యపేట, బంగారమ్మపేట వైపు కుర్రాళ్ళని కూడా కలుపుకోండి, వాళ్ళలో సముద్రం దాటినవాళ్ళు ఎక్కువ. రంగం వెళ్ళినవాళ్ళ పాత మనియార్డరు రసీదులు, ఉత్తరాలు ఎవరింట్లో అటకమీదున్నా నా దగ్గరికి తీసుకురండి, చదివి పేర్లు రాసిపెడతాను. సంక్రాంతికి అందరూ ఊళ్ళోనే ఉంటారు గదా. భోగి నాడే మొదలుపెట్టండి.